తాటిచెట్టుకు వారసులెవరు?

వేసవి పొద్దున తిరువూరు నుంచి గంపలగూడెం వైపు వెళ్తుంటే మామిడి తోటల గట్ల మీదా, చేల హద్దుల్లోనూ తాటిచెట్లు కనిపిస్తాయి. ఇంకా వెలుగు పూర్తిగా రాకముందే ఏదో ఒక చెట్టు మీద ఓ మనిషి ఉంటాడు. నడుముకు మోకు, కాళ్లకు బందం, వెనక కత్తుల ఒర, పక్కన వేలాడే ముంత. అరవై అడుగుల ఎత్తున మట్టల మధ్య ఒదిగి కూర్చుని గెల కొసను పల్చగా గీస్తాడు. నిండిన ముంత విప్పి ఖాళీ ముంత కడతాడు. దిగుతాడు. పక్క చెట్టు ఎక్కుతాడు.

ఆ చెట్లు ఆయన తండ్రి ఎక్కినవే. తాత ఎక్కినవి కూడా కొన్ని ఉండొచ్చు. ఎందుకంటే తాటిచెట్టు గెల వేయడానికే పదిహేనేళ్ల దాకా పడుతుంది. ఆ తర్వాత నూరేళ్లు నిలబడుతుంది. మనిషి ఆయుష్షు కంటే చెట్టు ఆయుష్షే ఎక్కువ.

అయితే ఆయన కొడుకు మాత్రం ఆ చెట్టు ఎక్కడు. విజయవాడలోనో హైదరాబాదులోనో ఏదో ఉద్యోగం చూసుకుంటాడు. ఎక్కమని తండ్రి కూడా అడగడు. పైగా, ఎక్కనివ్వడు!

తరతరాలుగా వచ్చిన వృత్తి ఒక్క తరంలో ఇలా ఎందుకు ఆగిపోతోంది? దీనికి జవాబు కావాలంటే ముందు కాస్త దూరం వెళ్లి రావాలి. ఇటలీ దాకా!

26 తరాల ఇల్లు

ద్రాక్ష రసం పులిస్తే వైను. తాటి గెల రసం పులిస్తే కల్లు. ఇంగ్లిషులో కల్లును ‘పామ్ వైన్’ అనే అంటారు. రెండూ వేల ఏళ్ల నాటివే. రెండింటి వెనకా కుటుంబాలే ఉన్నాయి. కానీ ఆ కుటుంబాల చరిత్రలు చూస్తే ఎక్కడా పొంతన కుదరదు.

ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో ఆంటినోరి అనే కుటుంబం ఉంది. 1385లో జొవాన్ని ది పియెరో ఆంటినోరి అనే ఆయన అక్కడి వైను వర్తకుల సంఘంలో సభ్యుడిగా చేరాడు. మన దగ్గర విజయనగర సామ్రాజ్యం కుదురుకుంటున్న రోజులవి. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఆ కుటుంబం వైను వ్యాపారంలోనే ఉంది. అక్షరాలా 26 తరాలు! ఇన్ని తరాలూ ఇంటి పెత్తనం మగవాళ్లదే. పియెరో ఆంటినోరికి మాత్రం ముగ్గురూ కూతుళ్లే. అల్బియెరా, అల్లెగ్రా, అలెస్సియా. ముగ్గురూ వ్యాపారంలోకి వచ్చారు. పెద్దమ్మాయి అల్బియెరా సంస్థకు అధ్యక్షురాలయ్యారు. కొడుకులు లేరని వంశవృత్తి ఆగలేదు.

అంతా సాఫీగా సాగిందనుకుంటే పొరపాటు. 1980లలో కుటుంబంలోని కొందరి వాటాలు ఒక బ్రిటిష్ బీరు కంపెనీ చేతికి వెళ్లాయి. పియెరో అప్పుచేసి మరీ 1991కల్లా వాటిని వెనక్కి తెచ్చుకున్నారు. మళ్లీ అలాంటి ప్రమాదం రాకూడదని 2012లో సంస్థను ఒక ట్రస్టు కింద పెట్టారు. 90 ఏళ్ల పాటు అమ్మడానికి వీల్లేకుండా కట్టుదిట్టం చేశారు. ఇంకా పుట్టని మునిమనవల కోసం ముందుగానే వేసిన తాళం అది.

అంత దూరం ఎందుకు, మన పొరుగునే ఒక ఉదాహరణ ఉంది. తెలుగు మాట వినిపించే చిక్కబళ్లాపురం ప్రాంతానికి దగ్గర్లో, బెంగళూరు శివార్లలోని నంది కొండల పాదాల దగ్గర, కన్వల్ గ్రోవర్ అనే వ్యాపారి 1980లలో ఫ్రెంచి రకం ద్రాక్ష నాటించారు. ఫ్రాన్స్ నుంచి నిపుణులను రప్పించి వైను తీయించారు. తర్వాత కొడుకు కపిల్ అందుకున్నారు. మనవరాలు కరిష్మా కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయంలో వైను తయారీ చదువుకుని వచ్చి తాత పెట్టిన సంస్థలో పనిచేశారు. ద్రాక్ష తోట మూడో తరానికి చేరేసరికి అది ‘కళాశాల చదువు’ అయిపోయింది!

ఇంతకీ ఆ కుటుంబాలు తరువాతి తరానికి ఏమిచ్చాయి? భూమి ఇచ్చాయి. భూమి మీద తోట ఇచ్చాయి. నేలమాళిగలో పీపాలు ఇచ్చాయి. సీసా మీద అచ్చేసుకోవడానికి ఇంటిపేరు ఇచ్చాయి.

మరి తిరువూరు గీత కార్మికుడి దగ్గర బిడ్డకు ఇవ్వడానికి ఏముంది?

ఒక మోకు. ఒక కత్తి.

మోకుతో పాటు వచ్చే చదువు

మోకూ కత్తీ అనేస్తే చిన్నమాటలా వినిపిస్తుంది. కానీ వాటితో పాటు ఓ పెద్ద చదువు వస్తుంది.

తాటిలో పోతుతాడు వేరు, పండుతాడు వేరు. పోతుతాటికి పొడవాటి గెలలు వస్తాయి. పండుతాటికి కాయలు కాస్తాయి. ముంజలు దీనివే. రెండింటి నుంచీ కల్లు తీయొచ్చు గానీ తీసే కాలమూ, తీసే పద్ధతీ ఒకటి కావు. గెల ఏ రోజు పదునుకొచ్చిందో కింద నుంచి చూస్తే తెలియదు. పైకెక్కి చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది. దాన్ని కర్రలతో మెల్లగా నలపాలి. గట్టిగా నలిపితే చచ్చిపోతుంది. మెత్తగా వదిలేస్తే ధార రాదు. కొన్ని రోజులపాటు నలుపుతూ, కొస గీస్తూ ఉంటే అప్పుడు బొట్టు బొట్టుగా రసం మొదలవుతుంది.

ఇక అక్కడి నుంచి సెలవు లేదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఎక్కాల్సిందే. గీత మందమైతే గెల త్వరగా అయిపోతుంది. గీయడం మానేస్తే కోసినచోట ఎండిపోయి ధార ఆగిపోతుంది. జ్వరం వచ్చినా, ఇంట్లో పెళ్లి ఉన్నా, చావు జరిగినా చెట్టు ఆగదు. పాలిచ్చే గేదె ఉన్న ఇంట్లో వాళ్లకు ఈ బాధ అర్థమవుతుంది. కాకపోతే గేదె నేల మీద ఉంటుంది!

ఇదంతా ఏ పుస్తకంలోనూ చూసి నేర్చుకునేది కాదు. పదిహేను పదహారేళ్ల వయసులో తండ్రి వెనక నిలబడి, ముందు పొట్టి చెట్లు, తర్వాత పొడుగు చెట్లు ఎక్కి నేర్చుకోవాలి. డేవిస్ విశ్వవిద్యాలయం వాళ్లు పట్టా ఇస్తారు. ఇక్కడ అరిచేతుల్లో, అరికాళ్లలో కాయలు కాస్తాయి. అదే పట్టా.

సాయంత్రానికి చచ్చిపోయే సరుకు

అంత కష్టపడి దించిన కల్లు ఎంతసేపు నిలుస్తుంది? అసలు కిటుకు ఇక్కడే ఉంది.

తాటి గెల నుంచి కారే రసం తియ్యగా ఉంటుంది. దాన్నే నీరా అంటారు. అయితే గాలిలో, ముంతలో, గెల మీద కంటికి కనపడని ఈస్టు, బ్యాక్టీరియా కాచుకుని ఉంటాయి. రసం ముంతలో పడిన గంటల్లోనే అందులోని చక్కెరను తిని సారాయం చేయడం మొదలుపెడతాయి. తెల్లవారి దించింది మధ్యాహ్నానికి కల్లు. సాయంత్రానికి పులుపు. ఇంకా ఉంచితే వినిగర్. ముంత లోపల సున్నం పూస్తే పులవడం కొంత ఆగుతుంది. అందుకే నీరాకూ, తాటిబెల్లానికీ సున్నపు ముంతలు కడతారు.

ద్రాక్ష సంగతి వేరు. అందులో సహజంగానే పులుపు ఎక్కువ. చక్కెర కూడా ఎక్కువే. పులిసేసరికి సారాయం 12 నుంచి 14 శాతం దాకా చేరుతుంది. కల్లులో సాధారణంగా 4, 5 శాతమే. ద్రాక్ష రసాన్ని గాలి తగలకుండా పీపాలో బిగిస్తే పాడు చేసే క్రిములు బతకలేవు. 1860లలో లూయీ పాశ్చర్ ఫ్రాన్స్‌లో వైను ఎందుకు చెడిపోతోందో పరిశోధించి, కొద్దిగా వేడి చేసి నిలవబెట్టే పద్ధతి కనిపెట్టాడు. ఇవాళ మనం పాల ప్యాకెట్టు మీద చూసే ‘పాశ్చరైజ్డ్’ అనే మాట అలా పుట్టిందే. వైను కోసం చేసిన పని పాలకూ పనికొచ్చింది. కల్లు కోసం మాత్రం ఆ రోజుల్లో ఎవరూ అంత పట్టుదలగా కూర్చోలేదు.

దీనివల్ల ఏమైంది? వైను చేసినవాడు ఈ ఏడు ధర లేకపోతే వచ్చే ఏడు అమ్ముకున్నాడు. పది ఊళ్లు దాటించి అమ్ముకున్నాడు. నిలవ ఉంచినకొద్దీ విలువ పెరిగింది. ఆ డబ్బుతో ఇంకో తోట కొన్నాడు. కల్లు గీసినవాడు ఆ పూటే, ఆ ఊళ్లోనే, ఆ పాకలోనే అమ్ముకోవాలి. అమ్ముడుపోకపోతే పారబోయాలి. పీపా ఉన్నచోట ఆస్తి పెరిగింది. ముంత ఉన్నచోట పొట్ట గడిచింది. అంతే తేడా!

చెట్టు ఎవరిది, హక్కు ఎవరిది?

సరుకు నిలవ ఉండదు సరే, చెట్టయినా తనదా అంటే అదీ కాదు. చెట్టు రైతుదో, సర్కారు పోరంబోకుదో. గీసే హక్కు ప్రభుత్వం ఇస్తేనే వస్తుంది.

తిరువూరు ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని కృష్ణా జిల్లాలో ఉండేది. 1886లో వచ్చిన మద్రాసు ఆబ్కారీ చట్టం కింద గీసే ప్రతి చెట్టుకూ లెక్క ఉండేది. పన్ను కట్టి, చెట్టుకు గుర్తు వేయించుకున్నాకే కత్తి పెట్టాలి. ఇటు నుంచి నాలుగడుగులు వేస్తే నిజాం రాజ్యం. అక్కడ ఆబ్కారీ గుత్తేదార్ల రాజ్యం. ఎటు చూసినా చెట్టెక్కేది ఒకరు, చెట్టు మీద సంపాదించేది ఇంకొకరు.

ఈ కోపం ఎంత పాతదో చెప్పడానికి సర్వాయి పాపన్న పేరు చాలు. ఖిలాషాపురం కోటను స్థావరం చేసుకున్న ఈ గీత కుటుంబం బిడ్డ, 1708లో వరంగల్ మీద దాడి చేసి మొఘలులను గడగడలాడించాడు. 1710లో వాళ్ల చేతిలోనే ప్రాణాలు విడిచాడు. మూడు వందల ఏళ్లు దాటినా పల్లెల్లో ఆయన కథ చెప్పుకుంటూనే ఉన్నారు. కుల వృత్తి మాని కత్తి పట్టిన బిడ్డను తల్లి మందలించిందన్న ముచ్చట కూడా ఆ కథలో ఉంటుంది. వృత్తిలో ఉండమని తల్లి, ఉండలేనని కొడుకు. ఇవాళ్టి తగువు తిరగబడింది. ఉండొద్దని తండ్రే చెబుతున్నాడు!

గట్టుకు ఇటు నేరం, అటు వ్యాపారం

తిరువూరు సరిహద్దు ఊరు కావడం వల్ల ఇక్కడి గీత కుటుంబాలు చూసిన విచిత్రం ఇంకొకటి ఉంది.

మద్రాసులో రాజాజీ ప్రభుత్వం 1937లో సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టింది. అది జిల్లా తర్వాత జిల్లాకు పాకి, 1948 అక్టోబరు 2 నాటికి రాష్ట్రమంతా అమల్లోకి వచ్చింది. సారాతో పాటు కల్లు కూడా నిషేధమే. హైదరాబాదు రాష్ట్రంలో మాత్రం ఆబ్కారీ యథాతథం. అంటే తిరువూరులో చెట్టెక్కి ముంత దించితే నేరం. కొద్ది మైళ్ల అవతల, అలాంటి చెట్టే ఎక్కి అలాంటి ముంతే దించితే సర్కారుకు ఆదాయం!

ఆశయం మంచిదే. తాగి ఇల్లు గుల్ల చేసుకునేవాళ్లను ఆపాలన్న తపన నిజమే. కానీ రాత్రికి రాత్రి పని పోయిన మనిషి ఏం చేయాలి? సున్నం పూసిన ముంతలతో నీరా తీయండి, బెల్లం వండండి అన్నారు. తాటిబెల్లం పథకాలు పెట్టారు. కొందరికి అన్నం దొరికింది. అందరికీ దొరకలేదు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రి. నిషేధం ఎత్తేయాలని గీత కార్మికులు ఉద్యమించారు. ముందు నిలబడినవారు శ్రీకాకుళం జిల్లా బారువకు చెందిన గౌతు లచ్చన్న. ‘సర్దార్’ అని జనం పిలుచుకున్న నాయకుడు. ప్రభుత్వమే వేసిన రామమూర్తి కమిటీ కూడా నిషేధం ఎత్తేయాలని సిఫార్సు చేసింది. ప్రభుత్వం కదల్లేదు. 1954 నవంబరులో శాసనసభలో అవిశ్వాస తీర్మానం వచ్చింది. ఒక్క ఓటు తేడాతో ప్రకాశం ప్రభుత్వం పడిపోయింది!

తుపాకీకి గుండె చూపిన ఆంధ్రకేసరి చివరికి కల్లు ముంత తగిలి పడిపోయారని అప్పట్లో ఎవరికైనా అనిపించి ఉంటే ఆశ్చర్యం లేదు. కానీ నిజంగా తగిలింది ముంత కాదు. దాని వెనకున్న వేల కుటుంబాల ఆకలి.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినా ఈ గీత చెరగలేదు. పెద్దమనుషుల ఒప్పందంలో మద్యనిషేధానికి ప్రత్యేకంగా ఒక అంశమే ఉంది. తెలంగాణలో నిషేధం ఎలా ఉండాలో ఆ ప్రాంత శాసనసభ్యులే తేల్చుకోవాలన్నారు. రాష్ట్రం ఒక్కటయ్యాక కూడా కృష్ణా, ఖమ్మం జిల్లాల గట్టు మీద చట్టం రెండు రకాలుగా నడిచింది. మొత్తం రాష్ట్రానికి కలిపి ఎక్సైజు చట్టం 1968లో గానీ రాలేదు.

సారా వచ్చింది, సీసా వచ్చింది

ఆ తర్వాత కల్లు పాకకు అసలు పోటీ మొదలైంది. సారా ప్యాకెట్లు పల్లెపల్లెకూ చేరాయి. సారా రోజుల తరబడి నిలవ ఉంటుంది. సంచిలో పెట్టి ఎక్కడికైనా పంపొచ్చు. తక్కువ తాగినా ఎక్కువ ఎక్కుతుంది. అంటే కల్లుకు లేని ‘సుగుణాలు’ అన్నీ దానికి ఉన్నాయి! ఆ సారా ఎన్ని ఇళ్లు కూల్చిందో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు లోకానికి చెప్పారు. 1992లో అక్కడ రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్న తల్లులు మొదలుపెట్టిన పోరాటం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా రద్దయింది. 1995 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో సడలించారు. సారా పోయిన చోటికి సీసా వచ్చి కూర్చుంది.

ఈ గందరగోళంలో కల్లు ఎటూ కాకుండా పోయింది. తాగుడు వ్యతిరేకులకు అదీ మత్తే. తాగేవాళ్లకు అది చాలదు. పట్నాల్లో అడిగినంత కల్లు చెట్ల నుంచి రాదు కాబట్టి మత్తుమందులు కలిపిన నకిలీ సరుకు పుట్టింది. 2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. చెట్టు మొహం చూడని ఆ సరుకు వల్ల వచ్చిన చెడ్డపేరు చెట్టెక్కేవాడి మీద కూడా పడుతుంది. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లంటారన్న సామెత ఊరికే పుట్టలేదు. ఇప్పుడు కల్తీకి కూడా తాటిచెట్టు మీదే నింద!

పైనుంచి పడితే...

వీటన్నింటికంటే పెద్ద కారణం ఇంకొకటుంది. అది భయం.

వాన వెలిసిన పొద్దున బోదె నున్నగా జారుతుంది. మోకు పాతదై ఎక్కడో పోగు తెగి ఉంటుంది. మట్టల మధ్య కందిరీగల పట్టు ఉంటుంది, పాము ఉంటుంది. ఒక్కసారి పట్టు తప్పితే అంతే. ప్రాణం పోతే ఒక రకం. నడుము విరిగి మంచాన పడితే ఇంకో రకం. ఇంటికి అన్నం పెట్టే చేతికి ఇంట్లోవాళ్లే అన్నం తినిపించాల్సి వస్తుంది. గీత కార్మికులున్న ఊళ్లలో ఇలాంటి మంచం ఒక్కటైనా ఉంటుంది.

ప్రభుత్వాలు పట్టించుకోలేదని అనడానికి లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ప్రకటించిన కల్లుగీత విధానం ప్రమాదంలో చనిపోయిన కార్మికుడి కుటుంబానికిచ్చే పరిహారాన్ని 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచింది. తెలంగాణలో 2024 జులైలో ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో కొత్త కిట్లు ఇవ్వడం మొదలుపెట్టారు. కాటమయ్య గీత కార్మికుల ఇలవేల్పు. కొండలెక్కేవాళ్లు వాడే తరహా తాళ్లు, కొక్కేలు అందులో ఉంటాయి. కాలు జారినా మనిషి కింద పడకుండా చెట్టుకే పట్టి ఉంచుతాయి. ఎవరెస్టు ఎక్కేవాడికి ఎప్పుడో దొరికిన తాడు తాటిచెట్టు ఎక్కేవాడికి ఇప్పుడు దొరికింది. ఆలస్యమే. అయినా మేలే.

కానీ పరిహారం చనిపోయాక వస్తుంది. కవచం ఎక్కేవాడికి పనికొస్తుంది. ఎక్కడానికి కొడుకే లేనప్పుడు?

నిలవ ఉంటేనే నిలబడుతుంది

కొడుకు చెట్టెక్కనందుకు తప్పు పట్టేవాళ్లు ఒక్కసారి ఆ ఇంటి లెక్క చూడాలి. చెట్టు తమది కాదు. హక్కు అడిగి తెచ్చుకోవాలి. సహకార సంఘంలో ఉంటే సంఘం పేరు మీద, లేదంటే విడిగా లైసెన్సు మీద. సరుకు సాయంత్రం దాటితే విలువ లేదు. ఏడాదిలో పని కొన్ని నెలలే. ప్రాణానికి పూచీ లేదు. ఇన్ని ‘లేదు’లను బిడ్డకు వారసత్వంగా ఇవ్వని తండ్రి తెలివైనవాడే.

అయితే ఆ తండ్రితో పాటు గెల పదును చూసే చెయ్యి కూడా వెళ్లిపోతుంది. గీసేవాడు లేని చెట్టు రైతుకు బరువు. గట్టు మీద నీడ పడుతుందని కొట్టేస్తారు. దూలానికో, ఇటుక బట్టీకో పోతుంది. అదే నేలలో వేరే తాటి వస్తోంది. సరిహద్దు అవతల సత్తుపల్లి, అశ్వారావుపేటల నుంచి ఏలూరు జిల్లా దాకా ఆయిల్‌పామ్ తోటలు విస్తరించాయి. ఆ తాటికి ఫ్యాక్టరీ ఉంది. గెల కోసి లారీకెత్తితే చాలు, డబ్బు వస్తుంది. నాటు తాటికి ఉన్నది ముంత ఒక్కటే.

మార్గం లేకపోలేదు. రంపచోడవరం దగ్గర పందిరిమామిడిలో ఉద్యాన పరిశోధన కేంద్రం ఉంది. నీరా పులవకుండా దించడం, నిలవ ఉంచడం, తాటిబెల్లం, తాటిపండు గుజ్జుతో తినుబండారాలు చేయడం లాంటి పనుల మీద అక్కడ ఏళ్ల తరబడి పరిశోధన సాగుతోంది. హైదరాబాదు నెక్లెస్ రోడ్డులో 2023 మేలో నీరా కేఫ్ తెరిచారు. తాటిబెల్లం కాఫీ కోసం పట్నం జనం ఇప్పుడు వెతుక్కుని మరీ వెళ్తున్నారు. వీటన్నింటి సారం ఒక్కటే. సాయంత్రానికి చచ్చిపోయే సరుకును నాలుగు రోజులు బతికించడం. పాశ్చర్ నూట యాభై ఏళ్ల క్రితం వైనుకు చేసిపెట్టిన పని అదే. సరుకు నిలవ ఉంటే ధర నిలబడుతుంది. ధర నిలబడితే ఇల్లు నిలబడుతుంది. ఇల్లు నిలబడితేనే వృత్తి రెండో తరానికి వెళ్తుంది. ఆంటినోరి ఇంటి రహస్యం కూడా ఇంతకు మించి లేదు. అక్కడ కూతుళ్లు అందుకున్నారంటే వాళ్లు చెట్టెక్కనక్కర్లేని పని ఆ వ్యాపారంలో బోలెడంత ఉంది గనకే. నీరా శుద్ధిచేసే చోటా, బెల్లం వండే చోటా మన ఇళ్ల కూతుళ్లకూ అంత పని దొరుకుతుంది.

ఈలోగా జరిగిన ఒక సంగతి చెప్పుకోవాలి. మన ఊళ్లలో మద్యం దుకాణానికి ‘వైన్స్’ అని బోర్డు ఉంటుంది. లోపల బ్రాందీ, విస్కీ, బీరు అన్నీ దొరుకుతాయి, వైను తప్ప! ఆంధ్రప్రదేశ్‌లో 2024 అక్టోబరులో ప్రైవేటు మద్యం దుకాణాలు మళ్లీ వచ్చాయి. వాటి సంఖ్యలో 10 శాతం లెక్కన 2025లో గీత కులాలకు 340 దుకాణాలు కేటాయించారు. దక్కినవాళ్లకు మంచిదే. చెట్టు మీద నుంచి పడే భయం లేదు. నాలుగు డబ్బులు చూస్తారు. కాకపోతే తాతల నాటి కల్లును వెనక్కి నెట్టిన సీసానే మనవడి చేతికిచ్చి, ఇదిగో నీ వారసత్వం అన్నట్టయింది.

తాటిటెంకను ఎవరూ పనిగట్టుకుని నాటరు. పండు తిని పారేసిన చోట అదే మొలుస్తుంది. తేగ కోసం తవ్వేసుకోకపోతే, గట్టు మీద ఎవరి దయా లేకుండా పెరుగుతుంది. ఇవాళ తిరువూరు చేల గట్టున మొలిచిన తాటిమొక్క గెల వేసేసరికి పదిహేనేళ్లు పడుతుంది. అప్పుడు దాని కింద నిలబడి పైకి చూసే మనిషి చేతిలో మోకు ఉంటుందా, గొడ్డలి ఉంటుందా అన్నదే ప్రశ్న.